వేదనాయగం శామ్యూల్ అజరయ్య

వేదనాయగం శామ్యూల్ అజరయ్య (ఆగష్టు 17, 1874 - జనవరి 1, 1945) ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు పదవి పొందిన మొట్టమొదటి భారతీయుడు. తమిళనాడులో పుట్టి, తెలుగు నేర్చుకుని, జీవితంలోని చివరి ముప్పై ఐదు సంవత్సరాలు తెలుగు గ్రామాలలో క్రైస్తవ సేవ చేశాడు. డోర్నకల్ డయోసీసు (అధ్యక్ష మండలం) మొదటి బిషప్పు ఇతడే. తెలుగు క్రైస్తవులలో బిషప్ అజరయ్యగా సుప్రసిద్ధుడు. విదేశీ మిషనరీల ధనంపైన, అధికారంపైన ఆధారపడిన భారతీయ సంఘం తన కాళ్ళపై తాను నిలబడాలని, తన సువార్తను తానే ప్రకటించుకోవాలని ఆయన కోరాడు. ఈ మాటను 1910లో ఎడింబరో నగరంలో ప్రపంచ మిషనరీ నాయకుల ఎదుటనే నిర్భయంగా చెప్పాడు. పల్లెలలో అక్షరం రాని నిరుపేద క్రైస్తవులకు కూడా అటువంటి ధైర్యాన్నే అలవరచడం ఆయన జీవితంలోని ముఖ్య కార్యంగా చెప్పవచ్చు.

బాల్యము, విద్యాభ్యాసము

అజరయ్య తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విళై అనే చిన్న గ్రామంలో జన్మించాడు. ఈ గ్రామం ప్రస్తుతం తమిళనాడులోని తూత్తుకుడి జిల్లాలో ఉన్నది. తండ్రి థామస్ వేదనాయగం ఆ గ్రామ ఆంగ్లికన్ సంఘానికి గురువు. తల్లి పేరు ఎల్లెన్. వీరిది నాడార్ కులం. తాటిచెట్ల నుండి కల్లు, బెల్లం తీసే వృత్తితో ముడిపడిన ఈ కులంవారికి 19వ శతాబ్దంలో అనేక చోట్ల దేవాలయ ప్రవేశం ఉండేది కాదు. సంఘంలో చిన్నచూపు, అవమానాలు వారికి నిత్యానుభవాలు. ఆ శతాబ్దంలో తిరునెల్వేలి ప్రాంతపు నాడార్లలో చాలామంది క్రైస్తవులయ్యారు. బడి, గుడి, స్వంత నాయకత్వం కలిగిన క్రైస్తవ గ్రామాలు అక్కడ ఏర్పడ్డాయి. అజరయ్య పెరిగిన వాతావరణం అదే.

అజరయ్య బాల్యంలోనే, 1889లో, తండ్రి మరణించాడు. దైవభక్తి, క్రమశిక్షణ మిక్కుటంగా గల తల్లి పెంపకంలో ఆయన పెరిగాడు. మెగ్నానపురంలోని మిషను పాఠశాలలోను, తిరునెల్వేలిలోని చర్చి మిషనరీ సొసైటీ విద్యాసంస్థలలోను చదివి, పై చదువుకు మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరాడు. ఆనాడు ఆ కళాశాలకు విలియం మిల్లర్ ప్రిన్సిపాలు. తరువాతి కాలంలో జాతీయ స్థాయి క్రైస్తవ నాయకుడైన కె.టి.పాల్‌తో ఆయనకు ఇక్కడే స్నేహం కలిగింది. అజరయ్య గణితశాస్త్రం అభ్యసించాడు కాని, అనారోగ్యం వలన చివరి పరీక్ష వ్రాయలేకపోయాడు. పట్టా లేకుండానే కళాశాల విడిచాడు. ఈ లోటును ఆయన ప్రత్యర్థులు తరువాత చాలాకాలం ఎత్తిచూపారు.

1898లో అన్బు మరియమ్మాళ్‌ను వివాహం చేసుకున్నాడు. ఆ ప్రాంతంలో కళాశాల విద్య అభ్యసించిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. ఈ దంపతులకు నలుగురు కుమారులు, ఇద్దరు కుమార్తెలు.

వై.ఎం.సి.ఏ.లో సేవ

1895లో అజరయ్య వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా ఉద్యోగంలో చేరాడు. దక్షిణ భారతదేశమంతటా తిరిగి, కళాశాల విద్యార్థుల మధ్య, పట్టణ యువకుల మధ్య ప్రసంగాలు చేయడం, సమాజ శాఖలను స్థాపించడం ఆయన పని. 1896లో అమెరికా నుండి వచ్చిన షేర్‌వుడ్ ఎడ్డీ అనే యువకుడు ఆయనకు సహచరుడయ్యాడు. ఇద్దరూ ఒకే వయసువారి వలె కలసి ప్రయాణించారు, కలసి ప్రార్థించారు, కలసి భోజనం చేశారు. తెల్లవారు, భారతీయులు ఒకే బల్లవద్ద కూర్చోవడం మిషనరీలలో కూడా అరుదుగా ఉన్న ఆ కాలంలో ఇటువంటి స్నేహం విశేషమైనది. సమానత్వంతో కూడిన స్నేహం సాధ్యమేనని అజరయ్యకు అనుభవపూర్వకంగా తెలియడానికి ఇది కారణమయింది.

1902లో అజరయ్య సిలోనులోని (ప్రస్తుత శ్రీలంక) యాఴ్పాణం వెళ్ళాడు. దీనినే జాఫ్నా అంటారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ స్వంత ధనంతో సువార్తికులను పంపి పోషించుకోవడం చూశాడు. తిరునెల్వేలి సంఘం అంతకంటె పెద్దది, నూరేళ్ళకు పైబడిన చరిత్ర కలది. అయినా అది ఇతర ప్రాంతాలకు ఒక్క మిషనరీనైనా తన ఖర్చుతో పంపలేదు. సువార్త ప్రకటన తెల్లవారి పని, దానిని స్వీకరించడం మాత్రమే తమ పని అన్న భావం భారతీయ క్రైస్తవులలో పాతుకుపోయిందని ఆయన గ్రహించాడు. ఈ ఆలోచన ఆయనను తిరిగివచ్చిన తరువాత కూడా వెంటాడింది.

స్వదేశీ మిషనరీ సంఘాల స్థాపన

1903 ఫిబ్రవరిలో పాళయంకోట్టైలో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపితమయింది. అజరయ్య దాని స్థాపకులలో ముఖ్యుడు. మిషనరీలు భారతీయులే కావాలి, ధనం భారతీయులదే కావాలి, నిర్వహణ కూడా భారతీయులదే కావాలి అనే మూడు నియమాలు ఈ సంఘానికి పునాది. విదేశాల నుండి విరాళాలు తీసుకొనకూడదని నిర్ణయించుకున్నారు. సేవాక్షేత్రం కొరకు వెదకినపుడు, నిజాం రాజ్యంలో తెలుగు మాట్లాడే డోర్నకల్ ప్రాంతంలో క్రైస్తవ మిషనులేవీ పనిచేయడం లేదని తెలిసింది. దానినే తమ క్షేత్రంగా ఎన్నుకున్నారు.

దీనినే దేశమంతటికీ విస్తరింపజేయాలనే ఉద్దేశంతో 1905 డిసెంబరు 25న, క్రిస్మస్ దినాన, బెంగాలులోని శ్రీరాంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడింది. ఆధునిక ప్రొటెస్టెంటు మిషనుల చరిత్రలో ప్రసిద్ధుడైన విలియం కేరీ గ్రంథాలయంలో ఈ సమావేశం జరిగింది. వివిధ సంఘశాఖలకు చెందిన భారతీయ క్రైస్తవులు పాల్గొన్నారు. అది వంగవిభజన జరిగిన సంవత్సరం, స్వదేశీ ఉద్యమం ఉధృతంగా ఉన్న సమయం. స్వదేశీ భావన క్రైస్తవులలో ఈ రూపం దాల్చింది. అజరయ్య ఈ సంఘానికి ప్రధాన కార్యదర్శిగా పనిచేశాడు. సంఘం తొలి సేవాక్షేత్రం పంజాబులోని మాంట్‌గామరీ జిల్లా. కొత్త సంఘశాఖను సృష్టించకుండా, విశ్వాసులను అక్కడి సంఘాలలోనే చేర్చడం ఈ సంఘపు విధానం.

1907లో టోక్యోలో జరిగిన ప్రపంచ క్రైస్తవ విద్యార్థి సమాఖ్య మహాసభకు అజరయ్య హాజరయ్యాడు. ఒక ఆసియా దేశం స్వతంత్రంగా ఎదుగుతున్న తీరును, జపాను క్రైస్తవులు తమ సంఘాలను తామే నడుపుకొనడాన్ని ప్రత్యక్షంగా చూశాడు.

డోర్నకల్ రాక

యువకులను దూరప్రాంతాలకు మిషనరీలుగా వెళ్ళమని అజరయ్య ఊరూరా ప్రబోధించేవాడు. అయితే తాను మాత్రం పట్టణాలలో గౌరవప్రదమైన ఉద్యోగంలో ఉండిపోవడం ఆయనకు సమంజసంగా తోచలేదు. ఇతరులను పొమ్మన్న చోటికి తానే పోవాలని నిశ్చయించుకున్నాడు. 1909లో వై.ఎం.సి.ఏ. ఉద్యోగం వదలి, గురుత్వ అభిషేకం పొంది, కుటుంబంతో డోర్నకల్ చేరాడు. అప్పటికి ఆయన వయస్సు 35 సంవత్సరాలు.

డోర్నకల్ ప్రస్తుతం తెలంగాణలోని మహబూబాబాద్ జిల్లాలో ఉన్నది. ఆ కాలంలో అది అడవుల నడుమ గల చిన్న ఊరు. సింగరేణి బొగ్గుగనులకు పోయే రైలుదారి ఇక్కడ ప్రధానమార్గం నుండి చీలుతుంది. మలేరియా, కలరా వంటి వ్యాధులు తరచుగా ప్రబలేవి. పాఠశాలలు, వైద్యాలయాలు దాదాపు లేవు. పరిసర గ్రామాలు దొరల, దేశ్‌ముఖ్‌ల అధికారంలో ఉండేవి. అక్కడి మాల, మాదిగ కుటుంబాలు వెట్టిచాకిరీతో, అప్పులతో, అంటరానితనంతో కాలం గడిపేవి.

అజరయ్యకు తమిళం, ఇంగ్లీషు తప్ప తెలుగు రాదు. నడివయసులో తెలుగు అక్షరాభ్యాసం మొదలుపెట్టి, ప్రసంగాలు, బోధన అన్నీ తెలుగులోనే చేయగల స్థాయికి చేరుకున్నాడు. రైలులో, ఎద్దుబండిలో, సైకిలుపైన, కాలినడకన గ్రామాలు తిరిగేవాడు. రాత్రివేళ చెట్టుక్రింద లాంతరు వెలుగులో పల్లెజనానికి బోధించేవాడు.

ఎడింబరో ప్రసంగం

1910 జూన్ నెలలో స్కాట్లండులోని ఎడింబరో నగరంలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. దాదాపు 1200 మంది ప్రతినిధులు హాజరయ్యారు. వారిలో అత్యధికులు ఐరోపా, అమెరికా దేశస్థులు. ఆసియావాసులు ఇరవైమందికి లోపే. ఆఫ్రికా ప్రాతినిధ్యం నామమాత్రం. విదేశీ మిషనరీలకు, స్థానిక సేవకులకు మధ్య సహకారం అనే అంశంపై జూన్ 20న మాట్లాడవలసిందిగా అజరయ్యను కోరారు. మర్యాదకు నాలుగు మాటలు పొగిడి కూర్చుంటే ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు. ఆయన పనిచేసే సంఘం ఆంగ్లేయ బిషప్పుల పాలనలో ఉన్నది. ఆయన భవిష్యత్తు కూడా వారి చేతిలోనే ఉన్నది. అయినా మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ దాపరికం లేకుండా మాట్లాడమని ఆయనను ప్రోత్సహించాడు.

భారతదేశంలో మిషనరీకి, భారతీయ సేవకునికి మధ్య ఉన్నది యజమాని, జీతగాడు సంబంధమేగాని స్నేహం కాదని అజరయ్య ఆ సభలో చెప్పాడు. ఏళ్ళ తరబడి కలసి పనిచేసినా, భారతీయ సహచరుని తమ ఇంటికి పిలిచి కలసి భోజనం చేసిన మిషనరీలు చాలా తక్కువమంది అని ఉదాహరణలతో వివరించాడు. ధనం, నిర్ణయాధికారం విదేశీయుల చేతిలోనే ఉన్నంతకాలం భారతీయులలో బాధ్యత పెరగదని అన్నాడు. అదే సమయంలో మిషనరీల త్యాగాన్ని, శ్రమను ఆయన తక్కువ చేయలేదు. భారతీయ సంఘం వారికి ఎంతో ఋణపడి ఉన్నదని ఒప్పుకుని, చివరకు ధనసహాయం కంటె, ఆత్మబలిదానం కంటె తమకు వారి స్నేహం అవసరమని కోరుతూ ప్రసంగం ముగించాడు.

సభలో తీవ్ర సంచలనం కలిగింది. మిషనరీలలో కొందరు ఆగ్రహించారు. వ్యక్తిగత అనుభవాన్ని అందరికీ అంటగట్టాడని, కృతజ్ఞత లేనివాడని విమర్శించారు. మరికొందరు ఆయన చెప్పినది సత్యమేనని అంగీకరించారు. పాశ్చాత్య, ఆసియా క్రైస్తవుల సంబంధాల చరిత్రలో ఈ ప్రసంగాన్ని ఒక మైలురాయిగా చరిత్రకారులు పరిగణిస్తారు. నూరేళ్ళ తరువాత 2010లో ఎడింబరో సభ శతాబ్ది సందర్భంగా కూడా దీనిని గుర్తుచేసుకున్నారు.

బిషప్పుగా అభిషేకం

డోర్నకల్ ప్రాంతాన్ని ప్రత్యేక అధ్యక్ష మండలంగా చేసి అజరయ్యను దానికి బిషప్పుగా నియమించాలని వైట్‌హెడ్ ప్రతిపాదించాడు. కేరళలోని సిరియన్ సంఘాలకు శతాబ్దాలుగా భారతీయ బిషప్పులు ఉన్నా, ఆంగ్లికన్ సంఘంలో అప్పటివరకు ఆ పదవి ఆంగ్లేయులకే పరిమితం. ఈ ప్రతిపాదనకు అనేక వైపుల నుండి వ్యతిరేకత వచ్చింది. ఆంగ్లేయ గురువులు ఒక భారతీయుని అధికారం క్రింద పనిచేయడం కుదరదని కొందరు ఐరోపా మిషనరీలు వాదించారు. తిరునెల్వేలి క్రైస్తవులలో కూడా కొందరు వ్యతిరేకించారు. పట్టభద్రుడు కాదనే ఆక్షేపణతోపాటు కులస్పర్థలు కూడా ఇందుకు కారణం. బ్రిటిషు ప్రభుత్వంతో ముడిపడిన సంఘంలో భారతీయుని బిషప్పుగా చేయడానికి చట్టం ఒప్పుకుంటుందా అనే ప్రశ్న కూడా తలెత్తింది.

ఈ అడ్డంకులు దాటి, 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్ కెథడ్రల్‌లో అజరయ్య బిషప్పుగా అభిషిక్తుడయ్యాడు. అప్పటికి ఆయన వయస్సు 38 సంవత్సరాలు. మొదట ఆయన అధికార పరిధి నిజాం రాజ్యపు ఆగ్నేయ భాగానికే పరిమితం. సుమారు ఒక దశాబ్దం తరువాత కృష్ణా జిల్లా ప్రాంతంలోని చర్చి మిషనరీ సొసైటీ సంఘాలు, రాయలసీమలోని ఇతర ఆంగ్లికన్ సంఘాలు ఆయన పరిధిలోనికి వచ్చాయి. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ మచిలీపట్నంలో ఆరంభించిన పాత మిషను కూడా వీటిలో ఉన్నది. దీనితో ఆంగ్లేయ మిషనరీలు భారతీయ బిషప్పు క్రింద పనిచేయడం వాస్తవరూపం దాల్చింది. మొదట సంశయించినవారిలో చాలామంది కాలక్రమేణా ఆయనకు ఆప్తులయ్యారు. 1945లో మరణించేవరకు ఆంగ్లికన్ సంఘంలో ఒక అధ్యక్ష మండలానికి పూర్తి అధికారం గల భారతీయ బిషప్పు ఆయన ఒక్కడే.

గ్రామాలలో సేవ

అజరయ్య కాలంలో డోర్నకల్ మండలంలో క్రైస్తవుల సంఖ్య బాగా పెరిగింది. 1912లో సుమారు 56 వేలు ఉన్న సంఖ్య 1941 నాటికి 2 లక్షల 25 వేలకు చేరింది. వీరిలో అత్యధికులు మాల, మాదిగ కులాలవారు. ఒక్కొక్కరుగా కాక, కుటుంబాలు, పల్లెలు కలసి నిర్ణయం తీసుకుని సంఘంలో చేరేవారు. ఇటువంటి సామూహిక ఉద్యమాలను మిషనరీలలో కొందరు అనుమానంతో చూశారు. పల్లెలో పేదవాని జీవితం అతని బంధువర్గంతో పెనవేసుకుని ఉంటుంది గనుక నిర్ణయం కూడా కలసి తీసుకోవడం సహజమేనని అజరయ్య భావించాడు. జె.వాస్కం పికెట్ 1933లో ప్రచురించిన భారతదేశ సామూహిక ఉద్యమాల అధ్యయనం తెలుగు ప్రాంతాలను కూడా పరిశీలించింది.

గ్రామ క్రైస్తవుల ధైర్యం

బాప్తిస్మం పొందడమంటే ఆ రోజులలో పల్లెవాసికి తేలికైన విషయం కాదు. చచ్చిన పశువు మాంసం తినడం మానాలి, కల్లు, సారాయి వదలాలి, గ్రామదేవతల జాతరలలో డప్పు కొట్టే ఆచారాన్ని విడిచిపెట్టాలి, ఆదివారం ఆరాధనకు రావాలి. ఇవన్నీ గ్రామపెద్దల అధికారాన్ని ధిక్కరించడంగానే కనిపించేవి. కూలి దొరకకపోవడం, అప్పు వెంటనే తీర్చమనడం, బావి దగ్గర, దారిలో అడ్డగించడం, కొన్నిచోట్ల దెబ్బలు కూడా వారికి ఎదురయ్యేవి. ఈ కష్టాలు బిషప్పుకంటె, మిషనరీకంటె ఆ పేదవానికే ఎక్కువ. అజరయ్య ఈ సంగతిని ఎరిగినవాడు. అయినప్పటికీ విశ్వాసాన్ని దాచుకోవడం నేర్పలేదు.

సంఘంలో చేరినవారు తమ చేతిని తమ తలపైనే ఉంచుకుని, సువార్తను ప్రకటించకుండా ఉండబోమని అపొస్తలుడైన పౌలు మాటలతో ప్రమాణం చేసే పద్ధతిని ఆయన ప్రవేశపెట్టాడు. సువార్త ప్రకటన జీతం తీసుకునే ఉపదేశి పని కాదని, విశ్వాసి ప్రతి ఒక్కరి పని అని దీని భావం. ఏటా ఒక వారాన్ని సాక్ష్య వారంగా జరిపేవారు. ఆ వారంలో స్త్రీలు, పురుషులు, కూలీలు, చదువురానివారు సహితం గుంపులుగా పొరుగు వీధులకు, పొరుగు ఊళ్ళకు వెళ్ళి, పాటలతో, తమ జీవితంలో కలిగిన మార్పును గూర్చిన మాటలతో సాక్ష్యమిచ్చేవారు. ఊరి పెద్దవీధిలో తలెత్తి నడవడానికి కూడా వెరచే మనుష్యులు, ఆ వీధిలోనే నిలబడి మాట్లాడడం సామాజికంగా పెద్ద మార్పు. ఈ పేదల నడవడిలోని మార్పును చూసి, 1920, 1930 దశకాలలో ఇతర కులాలకు చెందినవారు కూడా వేలసంఖ్యలో సంఘంలో చేరారు.

విద్య, స్వావలంబన

గ్రామానికి ఒక ఉపాధ్యాయుడు ఉండాలనేది ఆయన ఆశయం. అతడే పగలు బడి నడిపి, సాయంత్రం ఆరాధన జరిపేవాడు. డోర్నకల్‌లో గురువులకు, ఉపదేశులకు శిక్షణ ఇచ్చేవారు. శిక్షణకు వచ్చినవారు భార్యాబిడ్డలతో వచ్చి చిన్న ఇళ్ళలో ఉండేవారు. భార్యలకు కూడా చదువు, ఆరోగ్యసూత్రాలు నేర్పేవారు. చదువుకున్నవాడు పొలం పని చేయకూడదనే భావం పోవాలని విద్యార్థుల చేత వ్యవసాయం, శరీరశ్రమ చేయించేవారు. 1924 నాటికి మండలంలో ఆంగ్లేయ గురువులు ఎనిమిదిమంది కాగా భారతీయ గురువులు 53 మంది. 1935 నాటికి భారతీయ గురువుల సంఖ్య 250కి, గ్రామ ఉపాధ్యాయుల సంఖ్య రెండు వేలకు పైగా పెరిగింది. వైద్యశాలలు, సహకార సంఘాలు, ముద్రణాలయం కూడా ఏర్పడ్డాయి.

సంఘపోషణ కొరకు పేదలు కూడా తమకు చేతనైనంత ఇవ్వాలని ఆయన బోధించాడు. వంట చేసేటప్పుడు గృహిణి ఒక పిడికెడు బియ్యం వేరుగా తీసి ఉంచడం, పంటకోత పండుగలో ధాన్యం, కోళ్ళు, కూరగాయలు అర్పించడం ఈ విధంగా వ్యాపించాయి. ఇచ్చేవాడు బిచ్చగాడు కాడు గనుక, దానం పేదవానికి ఆత్మగౌరవం కలిగిస్తుందని ఆయన విశ్వాసం. స్త్రీల మధ్య సేవలో, ముఖ్యంగా మదర్స్ యూనియన్ నిర్వహణలో, ఆయన భార్య అన్బు ప్రముఖపాత్ర వహించింది.

కులభేదాల సమస్య

సంఘంలోనికి వచ్చినంత మాత్రాన కులం పోలేదు. మాలలు, మాదిగలు ఒకే గుడిలో కూర్చోవడానికి, ఒకే పాత్రలో ప్రభురాత్రి భోజనం తీసుకోవడానికి అనేకచోట్ల నిరాకరించేవారు. ఈ విషయంలో అజరయ్య రాజీపడలేదు. ఒకే పంక్తి, ఒకే పాత్ర ఉండాలని పట్టుబట్టాడు. అయినా ఈ సమస్య ఆయన జీవితకాలంలో పూర్తిగా పరిష్కారం కాలేదు. సంఘ నాయకత్వం విషయంలో కులాల మధ్య తగాదాలు ఆయనను చివరివరకు బాధించాయి.

డోర్నకల్ కెథడ్రల్

డోర్నకల్‌లోని ఎపిఫనీ కెథడ్రల్ అజరయ్య ఆలోచనలకు ప్రతిరూపం. దీని నిర్మాణానికి దాదాపు ఇరవై ఐదు సంవత్సరాలు పట్టింది. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. ఇంగ్లండులోని గోపురాలను అనుకరించకుండా, దేవాలయ మంటపాలను తలపించే స్తంభాలు, మసీదులను తలపించే గుమ్మటాలు, మినార్లు కలిపి దీనిని నిర్మించారు. క్రైస్తవం విదేశీ మతంగా కాక, ఈ నేల సంప్రదాయాలను తనలో ఇముడ్చుకున్నదిగా కనిపించాలని ఆయన కోరిక. అయితే ఆరాధనక్రమం విషయంలో మాత్రం ఆయన ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకాన్ని, దాని తెలుగు అనువాదాన్ని వదలలేదు. అందువలన ఆయన పూర్తిగా స్వదేశీయుడు కాలేదని కొందరు పరిశోధకులు విమర్శించారు.

సంఘ ఐక్యతకై కృషి

ఆంగ్లికన్, లూథరన్, బాప్టిస్టు, మెథడిస్టు వంటి శాఖాభేదాలు ఐరోపా చరిత్రలో పుట్టినవని, వాటిని భారతీయులు మోయవలసిన అవసరం లేదని అజరయ్య వాదించాడు. 1919 మే మొదటివారంలో ఆయన, హెచ్.ఎ.పాప్లీ కలసి ట్రాంక్విబార్‌లో (తరంగంబాడి) ఒక సమావేశం ఏర్పాటు చేశారు. 1706లో తొలి ప్రొటెస్టెంటు మిషనరీలు భారతదేశంలో అడుగుపెట్టిన స్థలం ఇదే. సమావేశానికి వచ్చిన 33 మందిలో ఇద్దరు తప్ప మిగిలినవారందరూ భారతీయులు. సంఘాలు ఏకం కావాలని వారు ఒక ప్రకటన వెలువరించారు. దానితో ఆరంభమైన చర్చలు ఇరవై ఎనిమిదేళ్ళు సాగాయి. చివరకు 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడింది. బిషప్పులు గల సంఘాలు, బిషప్పులు లేని సంఘాలు ఈ విధంగా ఏకం కావడం క్రైస్తవ చరిత్రలో అపూర్వం. ఆ దినాన్ని చూడడానికి అజరయ్య జీవించి లేడు.

1927లో లొసాన్‌లో జరిగిన సంఘ ఐక్యతా మహాసభలోను, 1938లో మద్రాసు వద్ద తాంబరంలో జరిగిన అంతర్జాతీయ మిషనరీ మహాసభలోను ఆయన ముఖ్యపాత్ర వహించాడు. 1929 నుండి అనేక సంవత్సరాలు జాతీయ క్రైస్తవ మండలికి అధ్యక్షుడుగా ఉన్నాడు. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

రాజకీయ వివాదాలు

క్రైస్తవులకు చట్టసభలలో ప్రత్యేక నియోజకవర్గాలు ఇవ్వడాన్ని అజరయ్య వ్యతిరేకించాడు. 1932లో బ్రిటిషు ప్రభుత్వం ప్రకటించిన కమ్యూనల్ అవార్డు వలన క్రైస్తవులకు స్థానాలు లభించినా, ఆయన దానిని స్వాగతించలేదు. అన్ని కులాలవారికి తెరచి ఉండవలసిన సంఘం, హక్కుల కొరకు పోటీపడే మరొక కులంగా మారిపోతుందని ఆయన భయం. తన సమాజానికి లాభం కలిగించే ఏర్పాటునే కాదనడం వలన తోటి క్రైస్తవులలో కొందరికి ఆయన దూరమయ్యాడు.

1935 అక్టోబరులో డాక్టర్ అంబేద్కర్ తాను హిందువుగా మరణించనని యేవలాలో ప్రకటించిన తరువాత, అణగారిన వర్గాల మతమార్పిడి దేశంలో పెద్ద చర్చనీయాంశమయింది. క్రైస్తవ మిషనుల సామూహిక మతమార్పిడులను మహాత్మా గాంధీ తన హరిజన్ పత్రికలో తీవ్రంగా విమర్శించాడు. హరిజనులకు మతాల తారతమ్యం గ్రహించే స్థితి లేదని, సేవ చేయదలచినవారు మతం మార్చాలనే ఉద్దేశం లేకుండా చేయాలని గాంధీ అభిప్రాయం. పేదవానికి కూడా మనస్సాక్షి ఉన్నదని, విని, ఆలోచించి, ఎన్నుకునే హక్కు అతనికి కూడా ఉన్నదని అజరయ్య వాదం. దేశమంతా గాంధీని ఆరాధిస్తున్న కాలంలో ఆయనతో బహిరంగంగా విభేదించడం భారతీయుడైన అజరయ్యకు సులభం కాదు. దేశభక్తి లేనివాడనే నింద కూడా వచ్చింది. ధనం ఆశ చూపి, భయపెట్టి మతం మార్చడాన్ని మాత్రం ఆయన కూడా ఖండించాడు. ఈ ఇద్దరి విభేదం, భారతదేశంలో మతస్వేచ్ఛను గూర్చిన చర్చలో ఇప్పటికీ ప్రస్తావనకు వస్తుంది.

రచనలు

అజరయ్య రచనలు ఎక్కువగా గ్రామ సంఘాల బోధనకు ఉపయోగించేవి. క్రైస్తవ దానధర్మాన్ని గూర్చి ఆయన వ్రాసిన పుస్తకం అనేక భాషలలోనికి అనువదింపబడింది. బాప్తిస్మాన్ని గూర్చి, దక్షిణ భారత సంఘ ఐక్యతను గూర్చి కూడా వ్రాశాడు. బిషప్ వైట్‌హెడ్‌తో కలసి భారతీయ గ్రామాలలో క్రైస్తవాన్ని గూర్చి 1930లో ఒక గ్రంథం ప్రచురించాడు.

మరణం, స్మృతి

కొద్దికాలం జ్వరంతో బాధపడి 1945 జనవరి 1న డోర్నకల్‌లో అజరయ్య మరణించాడు. కెథడ్రల్ ప్రాంగణంలోనే ఆయనను సమాధి చేశారు. ఆయన తరువాత ఎ.బి.ఇలియట్ డోర్నకల్ బిషప్పు అయ్యాడు. 1947 తరువాత డోర్నకల్ మండలం దక్షిణ ఇండియా సంఘంలో భాగమయింది. పూర్వపు విశాల మండలం నుండి ఆంధ్ర ప్రాంతంలో వేరే అధ్యక్ష మండలాలు ఏర్పడ్డాయి.

కరోల్ గ్రాహం 1946లో అజరయ్య జీవితచరిత్రను ప్రచురించింది. సూసన్ బిల్లింగ్టన్ హార్పర్ 2000లో వెలువరించిన పరిశోధన గ్రంథం ఆయన జీవితాన్ని, గాంధీతో విభేదాలను వివరంగా చర్చించింది. ఇంగ్లండు సంఘం తన పంచాంగంలో జనవరి 2వ తేదీని ఆయన స్మారకదినంగా చేర్చింది. విజయవాడలో ఒక బాలికల ఉన్నత పాఠశాల ఆయన పేరుతో ఉన్నది. డోర్నకల్ కెథడ్రల్‌లో నేటికీ తెలుగులో ఆరాధన జరుగుతున్నది.